బజ్పె కొండమీద

మంగుళూరు పెంకు ఎరగని తెలుగువారుండరు. మా తాతగారింటి కప్పుమీది పెంకు తిరగవేస్తే వెనుకవైపు ఇంగ్లీషు అక్షరాల్లో ఊరి పేరు అచ్చుపోసి ఉండేది. ఆ అక్షరాలు కూడబలుక్కోవడంతోనే నా ఇంగ్లీషు చదువు మొదలయిందనీ, అక్కడితోనే ఆగిపోయిందనీ మా నాన్నగారు హాస్యమాడేవారు. చిన్ననాడంతా ఎవరి పేరు కింద నిద్రపోయామో ఆ ఊరిని కంటితో చూడడానికి నాకు నలభై అయిదేళ్ళు రావలసివచ్చింది. తెలుగు కన్నడ సాహిత్య సంబంధాల మీద అక్కడొక సభ జరిగింది. రానూపోనూ ఖర్చులు వారివే. తెలుగు పంతులుకు ఇంతకన్నా ఏం కావాలి?

రైల్లో వెళ్ళాను. పాలక్కాడు కనుమ దాటిందగ్గర్నుంచి రైలు కొబ్బరితోటల్లో దారి వెతుక్కుంటూ పోతుంది. కోజికోడు, కణ్ణూరు, కాసరగోడు దాటితే నేత్రావతి వంతెన. ఆ వంతెన మీద రైలు నెమ్మదించగానే మంగుళూరు వచ్చినట్టే. అటు నేత్రావతి, ఇటు గురుపుర, ముందు సముద్రం. ఈ నదుల బంకమట్టి చూసే 1860లలో బాసెల్ మిషన్ వారు ఇక్కడ పెంకుల పరిశ్రమ పెట్టారు. ఊళ్ళో నేల ఎక్కడా చదునుగా ఉండదు. ఎక్కడమో దిగడమో తప్ప నడవడమన్నది లేదు. రోడ్డు తవ్వినచోటల్లా కుంకుమరంగు రాయి కనిపిస్తుంది. బజారులో తుళు, బడిలో కన్నడం, చేపలబజారులో కొంకణి, మలయాళం కూడా వినబడతాయి. నీరుదోసె అని ఒకటి పెడతారు. చేతిరుమాలంత పలచన. ఎన్ని తిన్నదీ లెక్క తెలియదు, నాకు పెట్టినవారికి తెలిసి ఉండవచ్చు.

సభ సంగతి వదిలేస్తాను. అక్కడ చదివిన వ్యాసాలన్నీ పుస్తకంగా వస్తాయన్నారు కనుక పాఠకులకు ఆ కష్టం ముందుముందు ఎట్లాగూ తప్పదు. నేను చెప్పదలచుకున్నది బజ్పె సంగతి.

బజ్పె మంగుళూరుకు ఈశాన్యంగా ఉన్న కొండప్రాంతం. విమానాశ్రయం అక్కడే ఉంది. 1951 డిసెంబరు 25వ తేదీన జవహర్‌లాల్ నెహ్రూగారు డకోటా విమానంలో దిగి దాన్ని ప్రారంభించారు. కొండ తల చదును చేసి పీట వేసినట్టు కట్టిన విమానాశ్రయమది. పీట అంచు దాటితే లోయ. 2010 మే 22వ తేదీ ఉదయం 6 గంటల 5 నిమిషాలకు దుబాయి నుంచి వచ్చిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ బోయింగు విమానం ఆ పీట మీద దిగి, ఆగకుండా అంచు దాటి, లోయలో పడి తగలబడిపోయింది. లోపల 166 మంది ఉన్నారు. 158 మంది పోయారు. 8 మంది బయటపడ్డారు.

ఆ రోజు ఎట్లా జరిగిందని మంగుళూరులో ఎవరినైనా అడగండి. నీరుదోసె ఎంత ధారాళంగా వడ్డిస్తారో కారణాలూ అంత ధారాళంగా వడ్డిస్తారు. మా ఆతిథేయులు కన్నడ ఆచార్యులుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవారు. రాత్రి భోజనాలయ్యాక వారి వసారాలో చేరిన నలుగురూ నాలుగు విధాలుగా చెప్పారు. ఒక ఇంజనీరుగారు రన్‌వే పొట్టిదన్నారు. మరొకాయన, విమానం నడిపినవాడు పరదేశి, మన కొండలు వాడికేం తెలుసునన్నారు. మూడో ఆయన టైరు పేలిందన్నారు. ప్రమాదమైన కొత్తలో ఈ టైరు మాట పత్రికల్లో చాలా నలిగింది. ఆతిథేయుల తల్లిగారు ఎనభై దాటిన మనిషి, గోడకు చేరగిలబడి తమలపాకుకు సున్నం రాస్తూ, “కొండ తల నరికితే కొండ ఊరుకుంటుందా?” అన్నారు. అందరూ నవ్వారు. కాని నాకు ఆ నాలుగు మాటల్లోనూ ఆమె మాటే కాస్త పాతుకుంది.

మర్నాడు సభ మధ్యాహ్నానికి ముగిసింది. టాక్సీ మాట్లాడుకుని బజ్పె బయలుదేరాను. టాక్సీ నడిపే ఆయనకు నలభై ఏళ్ళుంటాయి. నాకు వచ్చిన కన్నడం గ్రంథాల కన్నడం. నేను మాట్లాడుతుంటే శాసనం చదువుతున్నట్టుంటుందని తోటివారి అభిప్రాయం. అయినా ఆయన ఓపికగా విని “మేష్ట్రే, మీరు మెల్లిగా చెప్పండి, నాకు అర్థమవుతుంది” అన్నాడు. నగరం దాటి, కావూరు మీదుగా, గురుపుర నది పాయలు పక్కన పెట్టుకుని వెళ్ళాం. పోకతోటలు, వాటికింద మిరియపు తీగలు, మధ్యమధ్య ఎర్రటి రాతి గోడలు. దారి పొడుగునా కొండ కనిపిస్తూనే ఉంటుంది గాని, పైన విమానాలు దిగే చోటు ఉందని కింది నుంచి ఎంతమాత్రం తెలియదు.

కెంజారు దగ్గర కారు ఆపి ఆయన వేలు పెట్టి చూపించాడు. పైన ఆకాశానికి ఆనుకుని ఒక గీత. దానికింద ఏటవాలుగా అడివి, అడుగున లోయ. ఇన్నేళ్ళలో చెట్లు పెరిగి అంతా కప్పేశాయి. తెలియనివాడికి చూపిస్తే, ఎంత పచ్చగా ఉందీ అంటాడు.

“ఆ ఉదయం నేను పైన ఉన్నాను” అన్నాడాయన. “కాసరగోడు వైపు వెళ్ళే ఒక కుటుంబాన్ని తీసుకువెళ్ళాలని బాడుగకు మాట్లాడారు. అయిదున్నరకే వచ్చి నిలబడ్డాను. పేరు రాసిన అట్ట చేతిలో పట్టుకున్నాను. విమానం దిగిన చప్పుడైంది. అందరం గుమ్మం దగ్గరికి నడిచాం. ఆ తరువాత పొగ కనిపించింది.”

ఆ అట్ట ఏమయిందో నేను అడగలేదు.

ఆ విమానంలో వచ్చినవారు చాలామంది ఎడారి దేశాల్లో కష్టపడి, రెండేళ్ళకో మూడేళ్ళకో సెలవు దొరికించుకుని ఇంటికి వస్తున్నవారు. మన కరీంనగరు, కడప, కోనసీమ ఇళ్ళల్లో ఇది ఎరిగిన సంగతే. తాళ్ళు బిగించిన అట్టపెట్టెలు, పిల్లలకు బొమ్మలు, అత్తరు సీసాలు, రాత్రంతా నిద్రలేని ప్రయాణం, తెల్లవారేసరికి సొంత ఊరి వాసన. ఇట్లాంటి విమానాలు రాత్రివేళ నడవడానికి కారణం ఖర్చు. విమానం ఎంతసేపు నేలమీద ఉంటే కంపెనీకి అంత నష్టం. అందుచేత రాత్రి ఇక్కడినుంచి దుబాయి వెళ్ళినవారే తిరిగి తెల్లవారుఝామున తీసుకువచ్చారు. రాత్రి జాగారం చేసినవాళ్ళు ప్రయాణికులే కాదు, నడిపేవాళ్ళు కూడా.

మేం రోడ్డు పక్క కొట్లో టీ తాగుతూ ఉండగా ఒక విమానం వచ్చింది. చక్రాలు చాపుకుని, కొండ అంచుకు చేరువగా, దిగిపోతుందనే అనుకున్నాం. హఠాత్తుగా గర్జించి ముక్కు పైకెత్తి వెళ్ళిపోయింది. కొట్టువాడు, గ్లాసులు కడిగే కుర్రవాడు, మా సారథి ముగ్గురూ నవ్వారు. “ఎవడో కొత్తవాడు, భయపడ్డాడు” అన్నాడు మా సారథి. ఇంకో పావుగంటకు అదే విమానం చుట్టు తిరిగి వచ్చి, ఏమీ జరగనట్టు దిగింది. లోపలివారు గడియారాలు చూసుకుని గొణుక్కుంటూ ఉంటారు గదా అనుకున్నాను. పావుగంట ఆలస్యం!

విమానం దించడమంటే సరిగా ఇదే: దిగాలా, మళ్ళీ చుట్టు తిరిగి రావాలా అని చివరి నిమిషంలో తేల్చుకోవడం. దిగే విమానానికి కంటికి కనిపించని వాలుదారి ఒకటుంటుంది. మూడు డిగ్రీల వాలు. ఒక సముద్రపు మైలు ముందుకు వెళితే సుమారు 300 అడుగులు కిందికి దిగాలి. ఆ వాలు పట్టుకుని వస్తే చక్రాలు రన్‌వే మొదట్లోనే నేలను తాకుతాయి, ఆగడానికి కావలసినంత చోటు మిగులుతుంది. వాలుకన్నా పైన ఉంటే వేగం మిగిలిపోతుంది, రన్‌వే మాత్రం కింద జారిపోతూ ఉంటుంది. ఆ స్థితిలో చేయవలసింది ఒక్కటే. శక్తి పెంచి పైకి లేచి, తిరిగి రావడం. ఇందులో అవమానం లేదు. శిక్షణలో మొదటినుంచీ నేర్పే పని. కెంజారు టీ కొట్లో మాత్రం అది నవ్వులాటే.

ఎయిర్ మార్షల్ గోఖలేగారి అధ్యక్షతన జరిగిన విచారణ నివేదిక నేను చదివాను. తెలుగు ఎం.ఎ. చదివినవాడికి విమానాల నివేదిక ఎందుకని మా ఇంట్లో కూడా అడిగారు. వ్యాఖ్యానాలు చదవడం అలవాటైనవాడికి ఏదైనా చదవవచ్చునని నా సమాధానం. మల్లినాథుడైనా, గోఖలేగారైనా, ఒక్కొక్క పదం పట్టుకుని ఇది ఎందుకిక్కడ ఉందని అడగడమే పని.

వసారాలోని కారణాలను ఒక్కొక్కటిగా ఆ నివేదిక పక్కన పెట్టి చూడండి. ఆ ఉదయం వానలేదు, పెద్ద గాలి లేదు, చూపు 6 కిలోమీటర్ల దాకా ఆనుతున్నది. రన్‌వే పొడుగు 8,033 అడుగులు. పాత రన్‌వే సుమారు 1,600 మీటర్లే. దానిమీద 1981లో ఒక ఆవ్రో విమానం చివరిదాకా జారి అంచున ఆగి అందరినీ బతికించింది. 2006లో తెరిచిన కొత్తది ఆ జాతి బోయింగుకు చాలినంత ఉంది. ఇక పరదేశి మాట. ఆ కెప్టెను 10,000 గంటలకు పైగా ఎగిరినవాడు, ఇదే మంగుళూరుకు అంతకుముందు 16 సార్లు వచ్చి వెళ్ళినవాడు. పక్కన కూర్చున్న మన దేశస్థుడైన సహాయకుడు 66 సార్లు వచ్చినవాడు. కొండలు తెలియకపోవడమేమీ లేదు.

అయితే జరిగిందేమిటి? రెండు గంటల 5 నిమిషాల మాటల రికార్డులో మొదటి గంటా 40 నిమిషాలూ కెప్టెను మాట లేదు. గురక, బరువైన ఊపిరి. ఆయన నిద్రపోయాడు. తెల్లవారుఝాము వేళ గాఢంగా నిద్రపోయి లేచినవాడికి కళ్ళు తెరుచుకున్నా బుద్ధి తెరుచుకోదు. అర్ధరాత్రి స్టేషనులో పిల్లవాణ్ణి లేపి రైలు దింపినప్పుడు వాడు చెప్పు ఒక కాలికే తొడుక్కుని నడుస్తాడే, ఆ మబ్బు. పైగా మంగుళూరు రాడారు రెండురోజుల ముందునుంచి పనిచేయడం లేదు. అందువల్ల మామూలుకన్నా ఆలస్యంగా దిగడానికి అనుమతి వచ్చింది. దూరం తక్కువ, ఎత్తు ఎక్కువ. దానికి తగ్గట్టు ముందే సర్దుకోవలసింది, సర్దుకోలేదు. రన్‌వే దగ్గరపడేసరికి ఉండవలసిన ఎత్తుకు దాదాపు రెట్టింపు ఎత్తులో ఉన్నారు.

సహాయకుడు గుర్తించాడు. తిరిగి పైకి లేద్దామన్నాడు. ఒకసారి కాదు, మూడుసార్లు. యంత్రం కూడా తనకు తెలిసిన భాషలో అరుస్తూనే ఉంది. కెప్టెను దింపడానికే పూనుకున్నాడు. చక్రాలు నేలను తాకేసరికి రన్‌వే 5,200 అడుగులు వెనకబడిపోయింది, 2,800 అడుగులు మిగిలింది.

ఇక్కడ చదువుతున్నవాడికి గుండె ఆగుతుంది. ఎందుకంటే, అప్పటికీ సమయం మించిపోలేదు. ఉన్న బ్రేకులన్నీ బిగించి పట్టి ఉంటే ఆ మిగిలిన చోటులో, చివరనున్న ఖాళీ నేలతో కలిపి, విమానం ఆగి ఉండేదని నివేదిక లెక్క కట్టింది. ఇంజన్లను వెనక్కు తన్నే విధంగా తిప్పాక మళ్ళీ ఎగరాలనే ఆలోచన పెట్టుకోకూడదని విమానం చేసినవాళ్ళు శాసించారు. కాని కెప్టెను కొద్ది క్షణాలకే మనసు మార్చుకుని మళ్ళీ ఎగరబోయాడు. లేవడానికి చోటు లేదు, ఆగడానికి చోటు పోయింది. చివర యాంటెనాలను నిలబెట్టిన కాంక్రీటు కట్టడానికి కుడిరెక్క తగిలింది. తరువాతిది లోయ.

పెద్దావిడ మాట మళ్ళీ గుర్తుకువచ్చింది. కొండ ఊరుకోలేదా? ఊరుకున్నదనే నాకు తోచింది. కొండ రెండుసార్లు అవకాశమిచ్చింది. చదును నేల మీదయితే ఇంతమంది పోయేవారు కారన్నది నిజమే. బల్లమీది రన్‌వేలు తప్పును క్షమించవు. కాని తప్పు కొండ చేసింది కాదు.

నన్ను పట్టుకుని వదలని సంగతి ఇంకొకటుంది. 66 సార్లు ఆ కొండ చూసినవాడు, ప్రమాదం కళ్ళెదుట చూస్తూ మూడుసార్లు చెప్పినవాడు, తన ఎదుటనే ఉన్న పిడిని చేతిలోకి ఎందుకు తీసుకోలేదు? నివేదిక దీనికీ జవాబు వెతికింది. సహాయకుడు తనంతట తాను పైకి లేపవచ్చునా అన్న విషయంలో నియమాలు ఒకచోట ఒక తీరుగా, మరొకచోట మరొక తీరుగా ఉన్నాయట. బహుశా అందుకే నోటితో చెప్పాడు, చేత్తో చేయలేదు.

నియమాల సంగతి విమానాలవారికి తెలుసు. నాకు తెలిసింది కాలేజీ. ఒకసారి మా దగ్గర మౌఖిక పరీక్షకు బయటినుంచి ఒక పెద్ద పరీక్షకులు వచ్చారు. ఉత్తర హరివంశం మాట వచ్చి, అది తిక్కనగారిదేనని ఆయన సెలవిచ్చారు. ఎదురుగా కూర్చున్న పిల్లకు తెలుసు. “నాచన సోమనదేమోనండీ” అన్నది. ఆయన కళ్ళజోడు పైనుంచి చూసి తిక్కన అని మళ్ళీ అన్నారు. “సోమనదనుకుంటానండీ.” ఆయన మూడోసారి అన్నారు. ఆ పిల్ల “చిత్తమండీ” అన్నది. మన భాషలో “ఏమోనండీ”, “అనుకుంటానండీ” అన్నవి ఎంత అందమైన మాటలు! పెద్దవారి తప్పును దూదిలో చుట్టి అందించడానికే పుట్టాయి. అక్కడ పోయినవి ఆ పిల్లకు రెండు మార్కులు. నా చేతిమీద ఎగురుతున్న విమానమేదీ లేదు.

విమానంలో ఆ సహాయకుడు దూదిలో చుట్టి చెప్పలేదు, మాట తిన్నగానే చెప్పాడు. కాబట్టి తప్పు మెత్తదనానిది కాదు. మాటకూ చేతికీ మధ్యనున్న ఆ జానెడు దూరానిది. ఎడమవైపు కుర్చీలో పెద్దవాడు కూర్చుని ఉంటే, కుడివైపువాడి చెయ్యి ఆ జానెడు దాటడానికి ఎన్ని తరాల అలవాటును దాటాలి! నేను పరదేశి, మనదేశి అన్న మాటే ఎత్తడం లేదు. ఇది అన్ని దేశాల కుర్చీల్లోనూ ఉన్నదే.

పోనీ ఒకసారి జరిగి పాఠం నేర్చుకున్నారా అంటే, నా రైలు దాటివచ్చిన కోజికోడునే చూడండి. అదీ కొండమీది బల్లే. 2020 ఆగస్టు 7వ తేదీ రాత్రి, అదే కంపెనీ విమానం, అదే దుబాయి నుంచి, 190 మందితో వచ్చింది. ఈసారి జోరువాన. కెప్టెను అద్దంమీద నీరు తుడిచే వైపరు పనిచేయలేదు. ఒకసారి దిగబోయి లేచిపోయారు, చేయవలసిన పనే చేశారు. రెండోసారి వెనుకగాలితో, రెండోవైపు నుంచి వచ్చి, 8,858 అడుగుల రన్‌వేలో 4,438 అడుగులు దాటాక తాకారు. తాకబోయే ముందు సహాయకుడు పైకి లేద్దామన్నాడు. కెప్టెను దింపాడు. ఇద్దరితో సహా 21 మంది పోయారు. దీని విచారణ నివేదిక 2021లో వచ్చింది. ఆ వాక్యం దగ్గరికి వచ్చేసరికి నాకు పేజీ తప్పి బజ్పె నివేదికే మళ్ళీ చదువుతున్నానేమో ననిపించింది.

తిరిగి వచ్చేటప్పుడు సారథి అడగకుండానే కారు కూళూరు వైపు తిప్పాడు. తణ్ణీరుబావి పోయే దారిలో గురుపుర నది ఒడ్డున ఒక తోట. ఎవరి దేహమో తేల్చలేకపోయిన 12 మందిని అక్కడ పూడ్చిపెట్టారు. ఏటా మే 22న అధికారులూ బంధువులూ వచ్చి పూలు ఉంచి వెళతారు. నేను వెళ్ళిన సాయంత్రం ఎవరూ లేరు. నది నిండుగా, చప్పుడు లేకుండా పోతున్నది. అవతలి ఒడ్డున పడవ ఒకటి బోర్లించి ఉంది. మతం తెలియదు, పేరు తెలియదు, ఎవరి పెట్టెలో ఎవరికోసం ఏం బొమ్మ ఉందో తెలియదు. 12 మంది పక్కపక్కన.

సారథి లోపలికి రాలేదు. గేటు బయటే నిలబడ్డాడు. నేను కారెక్కాక కాసేపు తాళంచెవి చేతిలోనే పట్టుకుని కూర్చున్నాడు.

“మేష్ట్రే, మీరు ఆ రిపోర్టు చదివానన్నారు గదా. ఆఖరికి ఏం రాశారు?”

నాకు వచ్చిన శాసనాల కన్నడంలో చెప్పాను. నిద్ర సంగతి, ఎత్తు సంగతి, మిగిలిన 2,800 అడుగుల సంగతి. కొండ తప్పు కాదన్నప్పుడు తల అడ్డంగా ఊపాడు, నమ్మలేదు. సహాయకుడి దగ్గరికి వచ్చేసరికి నావైపు తిరిగాడు.

“మూడుసార్లు చెప్పాడా?”

“చెప్పాడు.”

ఆయన ఇంకేమీ అనలేదు. కారు నడిపాడు. కూళూరు వంతెన మీద లారీలు బారులు తీరి ఉన్నాయి, ఊళ్ళోకి చేరేసరికి దీపాలు పెట్టారు.